సాలెపోగూ, అడవిపందీ

మా చిన్నాన్న కొడుకు వికారాబాద్ అవతల పల్లెలో వ్యవసాయం చేస్తాడు. నారాయణగూడ వచ్చినప్పుడల్లా మా ఇంట్లో కాఫీ తాగి కబుర్లు చెప్పి వెళతాడు. ఈసారి కాఫీ చల్లారిపోయినా ముట్టుకోలేదు.

"రెండు రాత్రుల్ల మక్కచేను సగం తొక్కినయక్కా, అడవిపందులు. తుపాకికి దుర్భిణి పెట్టి దూరంకెల్లి కొడతరట గదా, అదేందో జర చదివి చెప్పు" అన్నాడు.

మా పేటలో జంతువుల బెడదంటే వీధికుక్కలే. కరిస్తే ఇక్కడి ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌కి పరుగెత్తడం తప్ప వేట సంగతి నాకేం తెలుసు? అయినా పుస్తకాలు ముందేసుకున్నాను. తీరా చూస్తే ఆ దుర్భిణిలోని గురిగీత పుట్టింది అడవిలో కాదు, ఆకాశం చూసేవాళ్ళ చేతుల్లో!

1630ల చివర్లో విలియం గాస్కోయిన్ అనే ఇంగ్లీషు కుర్రాడి దూరదర్శినిలో సాలెపురుగు పోగు అల్లిందట. ఆ పోగూ, దూరాన ఉన్న వస్తువూ రెండూ ఒక్కసారే స్పష్టంగా కనిపించాయి. నక్షత్రానికి గురిపెట్టే ఉపాయం అలా దొరికింది. పాపం, 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలోనే పోయాడు.

మన ఊరికీ ఇందులో చుట్టరికం ఉంది. 1901 ప్రాంతంలో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో తెప్పించిన 15 అంగుళాల దూరదర్శిని, తర్వాత బేగంపేట నిజామియా నక్షత్రశాలకు చేరింది. దాన్ని చేసింది డబ్లిన్‌లోని గ్రబ్. తుపాకులకు కొత్తరకం గురి అద్దాన్ని 1900లో కనిపెట్టిందీ ఆ హోవర్డ్ గ్రబ్బే!

ఇక మావాడడిగిన సంగతి. స్కోపు, తుపాకి గొట్టానికి ఒకటిన్నర అంగుళం పైన కూర్చుంటుంది. చూపు గీత గీసినట్టు పోతుంది గానీ గుండు అలా పోదు, బయటపడ్డ క్షణం నుంచీ కిందికి జారుతుంది. అందుకని గొట్టాన్ని చూపుకన్నా వెంట్రుకవాసి పైకెత్తి ఉంచుతారు. గుండు చూపుగీతను దాటి పైకెక్కి, దిగుతూ దూరాన మళ్ళీ కలుసుకుంటుంది. ఆ రెండో కలయిక ఎన్ని గజాల్లో జరగాలన్నదే అసలు లెక్క. తుపాకిని ఇసక సంచుల మీద ఆనించి, 100 గజాల్లోని అట్టమీద మూడు గుళ్ళు పేల్చి, మూడింటి నడిమి చోటు చూసుకుని మర తిప్పాలి. సాధారణంగా ఒక్క టిక్కుకి పావు అంగుళం. అంటే పావు 'నిమిషం'; నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు. నక్షత్రాలను కొలిచేదీ దానితోనే. 100 గజాల్లో అంగుళం తప్పితే 300 గజాల్లో మూడంగుళాలు తప్పుతుంది. గుండెకు తగలాల్సింది కడుపులో తగులుతుంది. ఆ ప్రాణి ఏ పొదలోనో రెండురోజులు తన్నుకుంటుంది. కన్ను పక్కకి జరిగినా గీత జరిగినట్టే కనిపిస్తుందట, అదొక బాధ.

ఇదంతా చెప్పాక అసలు ముడి విప్పాను. పంట కాపలాకని 1959 ఆయుధాల చట్టం పేరుపెట్టి చెప్పింది మూతిలోంచి మందు దట్టించే భర్మారు తుపాకిని. దానికి స్కోపేమిటి! పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అధికారి రాతపూర్వక అనుమతి లేనిదే పందిని కొట్టకూడదు.

"అనుమతి వచ్చేదాంక పందులు ఆగుతయా అక్కా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కాఫీ మళ్ళీ వేడిచేసి ఇచ్చాను.

రాత్రి పదకొండింటికి ఫోను చేశాడు. మంచె మీద ఉన్నాడట. మాటల మధ్య నూనెడబ్బా కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.