గ్రామఫోను పంతులుగారు

విసుక్కోని పంతుల్ని మీరెప్పుడైనా చూశారా? ఒకే మాటని నలభైసార్లు అడిగినా, నలభైసార్లూ అదే గొంతుతో, అదే ఓపికతో చెప్పే పంతుల్ని? మనుషుల్లో నేనైతే చూడలేదు. అలాంటి పంతులు 1877లో అమెరికాలో, ఎడిసన్ మహాశయుడి పనిశాలలో పుట్టాడు. పేరు ఫోనోగ్రాఫు.

మరుసటి ఏడే ఎడిసన్ తన యంత్రం ఎందుకెందుకు పనికొస్తుందో ఒక పత్రికలో జాబితా రాశాడు. ఉత్తరాలు చెప్పి రాయించుకోవడం, చూపు లేనివారికి పుస్తకాలు వినిపించడం, సంగీతం... వీటి మధ్యనే చక్కగా మాట్లాడడం నేర్పటం, భాషల ఉచ్చారణని ఉన్నదున్నట్టు దాచిపెట్టటం, పంతులుగారి పాఠాన్ని పిల్లవాడు కావలసినప్పుడు మళ్ళీ వినటం కూడా ఉన్నాయి. జనం ఎగబడింది పాటలకే అనుకోండి, అది వేరే సంగతి.

అంతకుముందు పరభాష నేర్చుకోవడమంటే చాలామందికి కళ్ళతో నేర్చుకోవడమే. వ్యాకరణం బట్టీపట్టడం, వాక్యాలు తర్జుమా చెయ్యడం. మన తెలుగుకైతే అదీ ఫరవాలేదు, ఇంచుమించు రాసినట్టే పలుకుతాం కనక. ఇంగ్లీషు అలా కాదాయె! మనం కల్నల్ అనే మాటని వాళ్ళు కర్నల్ అన్నట్టు ఎందుకు పలుకుతారో ఏ అక్షరమాలా చెప్పదు. చెవిలో ఎవరైనా చెప్పాల్సిందే. ఆ ‘ఎవరైనా’ని పెట్టెలో పెట్టి అమ్మినవాడు జాక్ రోస్టన్. 1901లో లండనులో లింగ్వాఫోను సంస్థ పెట్టాడు. చేతిలో పుస్తకం, ఎదురుగా గ్రామఫోను. వినడం, అనడం, మళ్ళీ వినడం.

ఈ సంస్థ కోసం 1927లో బెర్నార్డ్ షా ఒక ఉపన్యాసం రికార్డు చేశాడు. షా అంటే ‘పిగ్మేలియన్’ నాటకం రాసినాయన. పూలమ్ముకునే పిల్లకి దొరసానుల ఉచ్చారణ నేర్పే ప్రొఫెసర్ కథ. ఆ ప్రొఫెసర్ గదిలో కూడా ఫోనోగ్రాఫు ఉంటుంది! ఇలాంటాయన రికార్డిస్తే ఇంగ్లీషు ఇలా పలకండి, అలా పలకకండి అని దండిస్తాడనుకుంటాం కదా? ఆయన మొదలుపెట్టడమే యంత్రాన్ని నమ్మొద్దంటూ మొదలుపెట్టాడు. మీ గ్రామఫోను సరైన వేగంతో తిరక్కపోతే మీరు వింటున్నది నా గొంతు కానే కాదన్నాడు. ఈ మనిషెవరో భయంకరంగా ఉన్నాడే అనిపిస్తే వేగం తగ్గించండి, డెబ్భై ఒక్కేళ్ళ మంచి ముసలాయన, ఐర్లండు యాసతో వినసొంపుగా మాట్లాడుతున్నట్టు తోచేదాకా సర్దుకోండి అన్నాడు.

ఆ తర్వాత అసలు బాంబు పేల్చాడు. అచ్చమైన ఇంగ్లీషంటూ ఏదీ లేదట. ఏ ఇద్దరూ ఒక్కలా మాట్లాడరట. పైగా పరదేశీయులకి ఒక సలహా. లండనులో నిక్కచ్చి వ్యాకరణంతో, ముచ్చటైన ఉచ్చారణతో రైలు స్టేషనుకి దారేదని అడగబోకండి, మీ మాట ఎవరికీ అర్థం కాదు. స్టేషను పేరూ, ఎటు అనీ రెండు ముక్కలు మీ యాసలోనే అనండి, పాపం కొత్తవాడని ఎగబడి దారి చెబుతారు! ఉచ్చారణ నేర్పే కంపెనీ చెప్పించుకున్న మాటలివి. నాకు ఆ కంపెనీ మీద కూడా గౌరవం పెరిగింది.

అన్నట్టు ఇదే గ్రామఫోను మన మాటనీ పట్టింది. గ్రియర్సన్ దొర సాగించిన భారతీయ భాషల సర్వే తరఫున 1913 నుంచి 1929 దాకా దేశమంతటా గొంతులు రికార్డు చేశారు. అందులో తెలుగూ ఉంది. సివిల్ సర్వీసుకి ఎంపికై, ఇంకా ఓడెక్కని దొరబిడ్డల చెవులకి మన భాష అలవాటు చెయ్యడానికి కూడా అవి పనికొస్తాయనుకున్నారు. ఎవరి నోరు ఎవరి భాషకి తిరగక తంటాలు పడాల్సొచ్చిందో చూడండి!

తర్వాత బి.బి.సి. 1943లో రేడియోలో ఇంగ్లీషు పాఠాలు మొదలెట్టింది. 1957లో రష్యా స్పుత్నిక్ ఎగరేస్తే కంగారుపడ్డ అమెరికా, 1958లో చట్టం చేసి, బడుల్లో భాషా ప్రయోగశాలలకి డబ్బు కుమ్మరించింది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వరసగా గూళ్ళలో కూర్చుని, టేపు చెప్పింది తిరిగి చెప్పడం. మేం బి.ఏ. చదివేటప్పుడు మా హాస్టల్లో ఇలాంటి క్యాసెట్టు ఒకటి గదులన్నీ తిరిగేది. తలుపులు వేసుకుని మరీ వినేవాళ్ళం. క్లాసులో నోరు విప్పితే నవ్వే లెక్చరరు నవ్వేవాడు. క్యాసెట్టు నవ్వదు. మాలో కొందరు చదువు మానకుండా గట్టెక్కారంటే ఆ నవ్వకపోవడం వల్లే.

ఆ 1958లోనే మన హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వెలిసింది. 2007 నుంచి అది ఇఫ్లూ అనే విశ్వవిద్యాలయం. అక్కడి ఆర్. కె. బన్సాల్ గారు 1969లో ఒక పరిశోధన ప్రచురించారు. వేరువేరు ప్రాంతాల భారతీయులు మాట్లాడే ఇంగ్లీషుని రికార్డు చేసి, ఇంగ్లండు వాళ్ళకీ ఇతర దేశాల వాళ్ళకీ వినిపించి, ఎంతవరకూ అర్థమైందో కొలిచారు. చూశారా తిరకాసు! అందాకా టేపు చెప్పేది, మనం వినేవాళ్ళం. ఇక్కడ మనం చెప్పాం, వాళ్ళు విన్నారు. కొలిచింది కూడా అందాన్ని కాదు, అర్థమవడాన్ని. అర్థం కాకుండా చేసే కారణాల్లో పెద్దది మాటలో ఒత్తు తప్పుచోట పడటం అని తేలింది. మనం ‘డెవలప్’ అంటూ మొదటి అక్షరాన్ని ఊనుతాం, వాళ్ళు రెండోదాన్ని ఊనుతారు, అదీ తేడా. యాస మాట తర్వాత, ముందు ఊనిక చూసుకోమన్నమాట.

ఇప్పటి పంతులు ఫోనులో ఉంటాడు. ఇతగాడికి చెవులు కూడా ఉన్నాయి. మనం పలికింది విని, బాగాలేదు, మళ్ళీ అను అంటాడు. పక్కింటమ్మాయి ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం రోజూ ఇతని దగ్గర పాఠం చెప్పించుకుంటోంది. మొన్న ఆ పిల్లకి షా రికార్డు వినిపించాను, ఇంటర్నెట్టులో దొరుకుతుంది. ముందు వేగం పెంచి చూసింది. ఈ కాలం యంత్రంలో వేగం పెంచినా గొంతు మారదు కదా, రైలందుకోవాలన్న తొందరలో ఉన్న పెద్దమనిషిలా వినిపించాడంతే. స్టేషను సలహా దగ్గర పకపకా నవ్వింది. నవ్వి, ‘‘బానే ఉంది గానీ ఆంటీ, ముక్కలు ముక్కలుగా మాట్లాడితే ఉద్యోగమిస్తారా?’’ అంది.

షా గారు స్టేషను దారి సంగతే చెప్పారు. ఉద్యోగం సంగతి చెప్పలేదు. ఆ పిల్ల మళ్ళీ ఫోను తీసి, ‘డెవలప్’లో రెండో అక్షరాన్ని ఊనడం మొదలెట్టింది.