గుఱ్ఱపుపిల్ల చదువు

ఆస్ట్రియా రాజధానియైన వియన్నా నగరములో, పూర్వపు చక్రవర్తుల కోటలో, పొడవైన తెల్లని మందిరమొకటి కలదు. 1729–1735 సంవత్సరముల మధ్య ఆరవ ఛార్లెసు చక్రవర్తి దీనిని కట్టించెను. చుట్టును 46 స్తంభములు, పైనుండి వ్రేలాడు దీపగుచ్ఛములు. తొలిసారి చూచువారు దీనిని రాజుల నాట్యశాల యనుకొందురు. నేలపై మాత్రము ఇసుక పరచియుండును. ఇది గుఱ్ఱములకు చదువు చెప్పు బడి. స్పెయిను దేశపు గుఱ్ఱముల సంతతితో ఆరంభమైనది గనుక ‘స్పానిషు అశ్వశిక్షణాలయము’ అను పేరు దీనికి నిలిచిపోయినది.

ఇచ్చట ఒక గుఱ్ఱము చదువు ముగియుటకు సుమారు 6 ఏండ్లు పట్టును. అన్ని యేండ్లెందుకు? దీనికి సమాధానము కొంత గుఱ్ఱపు ఎముకలలో ఉన్నది, కొంత మానవుడు తన తొందర వలన పూర్వము చేసిన పొరపాట్లలో ఉన్నది.

గుఱ్ఱపు శిక్షణను గూర్చి దొరకిన గ్రంథములలో మిక్కిలి ప్రాచీనమైనది క్రీ.పూ. 14వ శతాబ్దినాటిది. మితన్ని దేశీయుడగు కిక్కులి చెప్పిన పద్ధతులు హిట్టైటు భాషలో మట్టిపలకలపై వ్రాయబడినవి. అందు గుఱ్ఱములను త్రిప్పవలసిన చుట్లకు ‘ఐకవర్తన్న’, ‘పంజవర్తన్న’, ‘సత్తవర్తన్న’ వంటి మాటలు వచ్చును. వానిలోని ఏక, పంచ, సప్త శబ్దములను మన విద్యార్థులును పోల్చుకొనగలరు. మన అమరకోశము గుఱ్ఱపు నడకలను ఐదు ‘ధారలు’గా పేర్కొన్నది. తెలుగులో మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసమును అశ్వశాస్త్ర గ్రంథమే.

కిక్కులి చెప్పినది రథమునకు కట్టు గుఱ్ఱముల సంగతి. రౌతును మోయు గుఱ్ఱమునకు విద్య గఱపు విధమును తెలుపు గ్రంథములలో నేటికి పూర్తిగా నిలిచిన మొదటిది క్రీ.పూ. 4వ శతాబ్దిలో గ్రీకు సేనానియగు జెనొఫోను వ్రాసినది. బలవంతముగా చేయించిన పని గుఱ్ఱమునకు అర్థము కాదనియు, నర్తకుని కొట్టి ఆడించిన ఎంత అందముండునో దీనియందును అంతే అందముండుననియు అతని అభిప్రాయము.

ఈ మాటను తరువాతి వారు మరచిరి. 1550లో నేపుల్సు వాసియగు గ్రిసోను ప్రకటించిన గ్రంథము ఐరోపా అంతటను ప్రచారము పొందినది. మొండికేసిన గుఱ్ఱమును కదలించుటకు పిల్లిని కఱ్ఱకు కట్టి దాని పొట్టక్రింద పెట్టుమనియు, నిప్పుతో బెదరించుమనియు అందు ఉపాయములు కలవు. అవి పనిచేయలేదని చెప్పలేము. గుఱ్ఱము కదలియే యుండును. కాని అది నేర్చుకొన్న పాఠము భయము మాత్రమే. ఆ నేపుల్సులోనే విద్య నేర్చి, ఫ్రాన్సులో 13వ లూయీ రాజునకు స్వారి నేర్పిన ప్లువినెలు ఈ క్రూరత్వమును విడిచి, లాలనకు, మెచ్చుకోలుకు పెద్దపీట వేసెను. అతని గ్రంథము అతని మరణానంతరము 1623లో వెలువడినది. పిమ్మట గెరినియేరు అను ఫ్రెంచివాడు 1733నాటి గ్రంథములో శిక్షణనంతయు ఒక క్రమమునకు తెచ్చెను. గుఱ్ఱపు భుజమును కొంచెము లోనికి వంచి ముందుకు నడపు అభ్యాసమును అతడు వివరించినాడు. అట్లు నడచునపుడు లోపలి వెనుకకాలు శరీరము క్రిందికి వచ్చి బరువును మోయుట నేర్చుకొనును. వియన్నా బడికి నేటికిని ఆ గ్రంథమే పునాది.

ప్లువినెలు, గెరినియేరు అనుభవముచే కనుగొన్నదానికి కారణము చాలకాలము తరువాత తెలిసినది. 1898లో అమెరికా శాస్త్రజ్ఞుడు థారన్‌డైకు పిల్లులను గడియవేసిన పెట్టెలలో ఉంచి పరిశీలించెను. ఏ చేష్ట వలన జంతువునకు హాయి కలుగునో ఆ చేష్ట మరల మరల జరుగుననియు, ఫలింపని చేష్టలు క్రమముగా తగ్గిపోవుననియు తేలినది. గుఱ్ఱపుస్వారిలోను ఇదే నియమము. రౌతు కాలితో ప్రక్కను మెల్లగా ఒత్తును. గుఱ్ఱము అడుగు వేయగానే ఆ ఒత్తిడిని తీసివేయును. గుఱ్ఱమునకు పాఠము చెప్పునది ఒత్తిడి కాదు, దానిని సమయమునకు తీసివేయుట. గుఱ్ఱము అడుగు వేసిన తరువాత కూడ ఒత్తుచునే యుండు రౌతు దానికి ఏమియు నేర్పలేడు. పైగా ఒత్తిడిని లెక్కచేయకుండుట అలవాటు చేయును.

ఇంత స్వల్పమైన సంజ్ఞను గుఱ్ఱము గ్రహించునా? బెర్లినులో ఓస్టెను అను గణితోపాధ్యాయుడు తన గుఱ్ఱమునకు లెక్కలు వచ్చునని ప్రకటించి 1904 ప్రాంతమున లోకమును విస్మయపరచెను. ‘తెలివైన హాన్సు’ అను ఆ గుఱ్ఱము గిట్టతో నేలను తట్టి సమాధానము చెప్పెడిది. ఫుంగ్‌స్టు అను పరిశోధకుడు పరీక్షించి, ప్రశ్నించువానికి సమాధానము తెలియనపుడును, ప్రశ్నించువాడు కనబడనపుడును గుఱ్ఱము తప్పుచున్నదని 1907లో నిరూపించెను. సరియైన సంఖ్య రాగానే ప్రశ్నించువాని తల, అతనికే తెలియకుండ, ఇంచుక పైకి లేచుచుండెను. హాన్సు దానిని చూచి తట్టుట మానుచుండెను. లెక్కలు రాకపోయినను అది తక్కువ ప్రతిభ కాదు. వియన్నా రౌతు కదలినట్లు మనకు కనబడకుండగనే గుఱ్ఱము నడకమార్చు రహస్యము ఇదియే.

ఇక ఎముకల సంగతి. నిలుచున్న గుఱ్ఱపు బరువులో సుమారు 60 శాతము ముందుకాళ్ళపై పడును. గుఱ్ఱమునకు మెడయెముక, అనగా మనకు భుజము ముందుండు అడ్డయెముక, లేదు. ముందుకాళ్ళ నడుమ దాని మొండెమును కండరములే ఊయలవలె మోయుచుండును. దానిపై రౌతు ఎక్కినపుడు ముందుభాగమునకు మరింత భారము కలుగును. కావున బరువును క్రమముగా వెనుకకాళ్ళపైకి మార్చుటయే ఈ విద్య సారము. ఇందుకు కండరములు బలియవలెను. ఎముకల చివర పెరుగుదల జరుగు మృదులాస్థి పొరలు గట్టిపడవలెను. కాలి దిగువ ఎముకలలో ఈ పొరలు రెండేండ్లలోపుననే గట్టిపడును. వెన్నుపూసలలోనో, ఐదారేండ్లు నిండవలెను. రౌతు కూర్చుండునది ఆ వెన్నుమీదనే గదా!

కొన్న గుఱ్ఱముతో ఇంత ఓపిక పట్టుట కష్టము. పెట్టిన సొమ్ము ఫలము నడుగును. హాబ్స్‌బర్గు వంశీయులు 1580లో నేటి స్లొవేనియాలోని లిపిత్సా గ్రామమున గుఱ్ఱముల పెంపకమును ఆరంభించిరి. లిపిజానరు జాతికి ఆ ఊరి పేరే వచ్చినది. 1920 నుండి వియన్నా బడికి గుఱ్ఱములు ఆస్ట్రియాలోని పీబరు గ్రామపు శాలలో పుట్టి పెరుగుచున్నవి. పిల్లలు నల్లగనో, ముదురు గోధుమవన్నెతోనో పుట్టి ఆరు మొదలు పది యేండ్లలో తెలుపెక్కును. (ఇందుకు కారణమైన జన్యుభేదమును 2008లో గుర్తించిరి.) మగపిల్లలు వేసవులలో కొండబీళ్ళపై ఎగుడుదిగుడు నేలలో తిరుగుచు కాళ్ళు బలియించుకొనును. సుమారు నాలుగవ యేట వియన్నా చేరును.

మొదటి యేట చదువు చూచుటకు చప్పగా ఉండును. పొడవైన పగ్గము చివర వలయముగా తిరుగుట, జీనుకు అలవాటు పడుట, రౌతును మోయుచు తిన్నగా ముందుకు పోవుట, అంతే. రెండవ యేట మలుపులు, వలయములు, నడకల మార్పులు వచ్చును. అటుపిమ్మటనే ఉన్నవిద్య: ఉన్నచోటనే లయతో అడుగులు వేయుట, వెనుకకాళ్ళను వంచి ముందుభాగమును పైకెత్తి నిలుచుట, గాలిలోనికెగసి వెనుకకాళ్ళను చాచుట. ఈ దూకుడులు అన్ని గుఱ్ఱములకు రావు. ఏది దేనికి తగునో చూచి నేర్పుదురు. క్రొత్త రౌతునకు మొదటి గురువు అన్నియు తెలిసిన ముసలి గుఱ్ఱము. అట్లు నేర్చినవాడు పెద్దవాడైన తరువాత పిల్లగుఱ్ఱమునకు నేర్పును.

ఈ గొలుసు 1945లో తెగిపోవలసినదే. ఆడుగుఱ్ఱములను, పిల్లలను జర్మనులు 1942లోనే నేటి చెకియాలోని హొస్టౌ గ్రామమునకు తరలించిరి. వియన్నాపై బాంబులు పడుచుండగా శిక్షణాలయాధిపతి పొడాయ్‌స్కి మగగుఱ్ఱములను సాంక్ట్ మార్టిను అను ఊరికి చేర్చెను. ఆకలిగొన్నవారికి గుఱ్ఱము మాంసముగా కనబడు దినములవి. తల్లులు లేనిచో మిగిలిన మగగుఱ్ఱములతో విద్య ఒక్క తరముతో ముగిసెడిది. హొస్టౌలోని జర్మను అధికారులే అమెరికా సైన్యమును సంప్రదింపగా, ఏప్రిలు 28న ఆ సైన్యము వచ్చి వానిని స్వాధీనము చేసికొనెను. మే 7న పొడాయ్‌స్కి జనరలు ప్యాటను ఎదుట ప్రదర్శన ఇచ్చి రక్షణ కోరెను. ఆ ప్రదర్శన చూచియే ప్యాటను హొస్టౌకు సైన్యమును పంపెనని ఒక కథ వ్యాపించినది. పై తేదీలతో అది పొసగదు. అతని మాట మగగుఱ్ఱములకు, బడి నిలుపుదలకు ఉపకరించినదనుట న్యాయము. 1955లో బడి వియన్నాకు తిరిగి వచ్చెను.

తొందర అనునది యుద్ధముతో పోలేదు. నేటి పోటీలలో అత్యున్నత శ్రేణికి గుఱ్ఱమునకు 8 ఏండ్లు నిండవలెనని నియమమున్నను, దిగువ శ్రేణులలో బహుమతుల కొఱకు పిల్లగుఱ్ఱములను త్వరపెట్టువారు కలరు. మెడను బలవంతముగా ఱొమ్ముకు వంచి నడపు పద్ధతిపై పెద్ద వివాదము చెలరేగగా, 2010లో అంతర్జాతీయ అశ్వక్రీడా సంఘము దానిని అంగీకరింపరానిదిగా ప్రకటించెను. ఏది బలవంతము, ఏది కాదు అను విషయమున వాదములు ఆ తరువాతను సాగినవి. 2015లో యునెస్కో వియన్నా విద్యను మానవజాతి సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చెను. లిపిజానరు గుఱ్ఱముల పెంపక సంప్రదాయము 2022లో అదే పట్టికకెక్కినది.