పొదిలి ప్రాంత సారాబట్టీ: స్థానిక చరిత్ర పునర్నిర్మాణం

ఉపోద్ఘాతం:
ఊరిలో సాగిన సారాబట్టీకి శాసనాలుండవు. బెల్లపు ఊట, తుమ్మపట్ట, కుండ, మంట కలిసిన ఆ వృత్తిని కాచినవారు రాసి ఉంచలేదు. పన్ను వసూలు చేసినవారు, నేరంగా పట్టుకున్నవారు మాత్రమే నమోదు చేశారు. ఈ పరిమితిని గుర్తిస్తూ పొదిలి ప్రాంతపు మద్య చరిత్రను పునర్నిర్మించే మార్గాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆధారాల స్థానం:
1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే వరకు పొదిలి నెల్లూరు జిల్లాలోను, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను ఉండేవి. కనుక పక్కపక్క ఊళ్ల చరిత్రను రెండు జిల్లాల దస్త్రాలలో వెతకాలి. పొదిలి వెంకటగిరి జమీందారీలోనిది. అయితే 1802 శాశ్వత శిస్తు నిర్ణయంలో ఉప్పు, అబ్కారీ రాబడులను కంపెనీ ప్రభుత్వం తనకే ఉంచుకొన్నది. అందువల్ల జమీందారీ భూమి లెక్కల కన్నా ప్రభుత్వ అబ్కారీ దస్త్రాలే ఇక్కడ ప్రధాన ఆధారాలు.

వృత్తి నుండి నేరానికి:
1886 మద్రాసు అబ్కారీ చట్టం తయారీని, అమ్మకాన్ని లైసెన్సుకు లోబరచింది. 1937లో సేలంలో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ విస్తరించింది. అది కల్లుగీతపై బ్రతికే కుటుంబాల జీవనోపాధిని దెబ్బతీసింది. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం పతనమైనదీ మద్యనిషేధ సమస్య మీదనే. ఈ క్రమానికి భాష కూడా సాక్ష్యమిస్తుంది. ప్రభుత్వ సారా పక్కన నిలిచినప్పుడే ‘నాటుసారా’ అనే విశేషణానికి అవసరం కలుగుతుంది. నేడు ‘ఊట’ అనే మాట ఈ అర్థంలో ఎక్కువగా దాడుల వార్తలలోనే వినిపిస్తున్నది.

స్త్రీల సాక్ష్యం:
వృత్తి నష్టాన్ని మాత్రమే చెబితే చరిత్ర సగమే అవుతుంది. 1980లలో ‘వారుణి వాహిని’ పేరిట ప్రభుత్వ సారా పాకెట్లు పల్లెలకు చేరాయి. అక్షరాస్యతా ఉద్యమంతో చైతన్యం పొందిన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని ఎదిరించారు. ఆ పోరాటం 1992 నాటికి రాష్ట్రవ్యాప్తమైంది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండవది 1997లో సడలింది.

ముగింపు:
సారాబట్టీని కేవలం పోయిన కళగా కీర్తించినా, కేవలం నేరంగా తీసివేసినా ఆధారాలకు అన్యాయమే. కాచినవారి వృత్తిజ్ఞానం, రాబడి పొందిన ప్రభుత్వ విధానం, ఇంట్లో బాధపడిన స్త్రీ అనుభవం అనే మూడింటినీ ఒకేచోట పరిశీలించాలి. మొదటిది, మూడవది దస్త్రాలలో అరుదు. వాటిని చెప్పగల వృద్ధులు ఉండగానే పశ్చిమ ప్రకాశంలో మౌఖిక చరిత్ర సేకరణ జరగవలసి ఉన్నది.