నడుము డిస్కు సమస్యలో విద్యుత్ కండర ప్రేరణ

విద్యుత్ కండర ప్రేరణ అనగా చర్మంపై అమర్చిన పలకల ద్వారా స్వల్ప విద్యుత్తును పంపి కండరాన్ని సంకోచింపజేసే భౌతిక చికిత్సా పద్ధతి. వాడుకలో దీనిని "కరెంటు పెట్టడం" అంటారు. నడుము భాగంలో డిస్కు జారినవారికి, తీవ్రమైన నొప్పి తగ్గిన తరువాత, బలహీనపడిన వెన్ను కండరాలను తిరిగి పనిలోకి తెచ్చేందుకు దీనిని వ్యాయామంతో జతచేసి వాడతారు. ఈ పద్ధతి జారిన డిస్కును యథాస్థానానికి చేర్చదు. నరంపై పడిన ఒత్తిడిని తొలగించదు. ఇది వ్యాయామానికి తోడు మాత్రమే కాని ప్రత్యామ్నాయం కాదు.

డిస్కు జారడం

మానవుని వెన్నెముకలో నడుము భాగాన ఐదు పూసలు ఉంటాయి. ప్రతి రెండు పూసల మధ్య మెత్తలాగా పనిచేసే డిస్కు ఉంటుంది. దీని వెలుపలి భాగం గట్టి నారపోగుల వలయం, లోపలి భాగం మెత్తని గుజ్జు. వలయం బలహీనపడి చీలినపుడు లోపలి గుజ్జు బయటకు పొడుచుకొని వచ్చి పక్కనున్న నరపు మొదలును ఒత్తుతుంది. ఈ స్థితినే డిస్కు జారడం అంటారు. నిజానికి డిస్కు మొత్తంగా పక్కకు జారిపోదు.

నడుము డిస్కు జారిన సందర్భాలలో నూటికి తొంభైకి పైగా చివరి రెండు డిస్కులలోనే, అనగా నాలుగవ, ఐదవ పూసల మధ్య గాని, ఐదవ పూసకు త్రికాస్థికి మధ్య గాని సంభవిస్తాయి. 30 నుండి 50 సంవత్సరాల వయసువారిలో ఇది ఎక్కువ. పిరుదు నుండి తొడ వెనుకగా పిక్క, పాదం వరకు లాగే నొప్పి దీని ప్రధాన లక్షణం. ఈ నొప్పిని ఆయుర్వేదం గృధ్రసి అని పేర్కొన్నది. తిమ్మిరి, కాలి బొటనవేలిని పైకి ఎత్తలేకపోవడం, మునివేళ్ళపై నిలబడలేకపోవడం కూడా కనిపించవచ్చు.

చాలామందిలో ఈ నొప్పి 6 నుండి 12 వారాలలో శస్త్రచికిత్స లేకుండానే తగ్గుముఖం పడుతుంది. బయటకు వచ్చిన గుజ్జును శరీరంలోని రక్షణ కణాలు క్రమంగా హరించివేయడం ఇందుకు ఒక కారణం. ఎమ్మారై చిత్రంలో డిస్కు ఉబ్బు కనిపించినంత మాత్రాన అదే నొప్పికి కారణమని చెప్పలేము. నడుము నొప్పి లేని 98 మందిని పరీక్షించి 1994లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, వారిలో 52 శాతం మందికి కనీసం ఒక డిస్కులో ఉబ్బు కనిపించింది.

మామిడి తోటల ప్రాంతంలో వృత్తి నేపథ్యం

బరువు ఎత్తడం, నడుము వంచడం, ఆ స్థితిలోనే పక్కకు తిరగడం అనే మూడు కదలికలు ఒకేసారి జరిగినపుడు డిస్కుపై భారం బాగా పెరుగుతుంది. ఈ మూడూ ఒకే రోజున అనేకమార్లు జరిగే పనికి మామిడి కోత మంచి ఉదాహరణ. ఎన్టీఆర్ జిల్లాలోని మైలవరం, ఏలూరు జిల్లాలోని నూజివీడు పరిసరాలు బంగినపల్లి, రసాలు, తోతాపురి రకాలకు ప్రసిద్ధి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు ఈ రెండూ కృష్ణా జిల్లాలో ఉండేవి.

కోత సమయంలో పొడవైన చిక్కపు కర్రతో తల ఎత్తి కాయలు కోస్తారు. తరువాత వంగి వాటిని ఏరి గంపలకు, ట్రేలకు ఎత్తుతారు. ముఠా కార్మికులు ఆ ట్రేలను నేల నుండి వాహనంలోకి అందిస్తారు. విజయవాడ సమీపంలోని నున్న మామిడి మార్కెట్టు వంటి చోట్ల దింపుడు, ఎగుమతి పనులలోనూ ఇవే కదలికలు ఉంటాయి. కోతకాలం వేసవిలో కొద్ది వారాలే. కూలి పోగొట్టుకోలేక నొప్పితోనే పనికి పోయేవారికి నడుము కోలుకొనే అవకాశం ఉండదు. ఇటువంటివారు రానుపోను ఖర్చు పెట్టుకొని రోజూ కరెంటు పెట్టించుకొని, ఇంటివద్ద చేయవలసిన వ్యాయామాన్ని మానివేస్తే డబ్బు, సమయం రెండూ పోతాయి. కాబట్టి ఈ చికిత్స చేయగలిగినది, చేయలేనిది తెలిసి ఉండటం అవసరం.

చరిత్ర

విద్యుత్తుతో వైద్యం చాలా పాతది. క్రీ.శ. మొదటి శతాబ్దిలో రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి, కీళ్ళవాతానికి విద్యుత్తును వెలువరించే సముద్రపు చేపను వాడవచ్చునని వ్రాశాడు. ఇటలీకి చెందిన లూయీజీ గాల్వానీ కప్ప కాళ్ళపై చేసిన ప్రయోగాలను 1791లో ప్రచురించి, విద్యుత్తు వలన కండరం ముడుచుకొంటుందని చూపాడు. 1831లో మైఖేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. భౌతిక చికిత్సలో "ఫారడిక్ కరెంటు" అనే పేరు ఆయననుబట్టి వచ్చినదే. ఫ్రాన్సుకు చెందిన డ్యూషెన్ 1855లో ఒక్కొక్క కండరాన్ని విడిగా ప్రేరేపించే పద్ధతిపై గ్రంథాన్ని ప్రచురించాడు.

నరంపై ఒత్తిడికి డిస్కు కారణమని స్పష్టంగా నిరూపించినవారు అమెరికాలోని బోస్టనుకు చెందిన విలియం మిక్స్టర్, జోసెఫ్ బార్. వారి వ్యాసం 1934లో వెలువడింది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించిన "ద్వార నియంత్రణ సిద్ధాంతం" విద్యుత్తుతో నొప్పి తగ్గించే పరికరాలకు శాస్త్రీయ ఆధారమైంది. 1970వ దశకంలో సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ కోట్స్ క్రీడాకారుల కండర బలానికి 2500 హెర్ట్జ్ ప్రవాహాన్ని వాడాడు. దీనిని "రష్యన్ కరెంటు" అంటారు.

పనిచేసే విధానం

వెన్నుపూసలను ఆనుకొని మల్టిఫిడస్ అనే చిన్న కండరాల వరుస ఉంటుంది. పూసలు అదుపు తప్పకుండా పట్టి ఉంచడం దీని పని. నడుములో నొప్పి కలిగినపుడు మెదడు, వెన్నుపాము ఈ కండరానికి ఇచ్చే సంకేతాలు తగ్గుతాయి. కండరం సన్నబడుతుంది. జూలీ హైడ్స్, ఆమె సహచరులు 1994, 1996 సంవత్సరాలలో ప్రచురించిన అధ్యయనాలలో, మొదటిసారి నడుము నొప్పి వచ్చినవారికి నొప్పి ఉన్న వైపున ఈ కండరం చిక్కిపోయిందని, నొప్పి తగ్గినా కండరం దానంతటదే కోలుకోలేదని తేలింది.

ఇటువంటి స్థితిలో రోగి స్వయంగా ఆ కండరాన్ని బిగించలేడు. బయటినుండి ఇచ్చే విద్యుత్ స్పందన కండరానికి వెళ్ళే నరాన్ని ప్రేరేపించి సంకోచాన్ని కలిగిస్తుంది. ఆ బిగువును గమనించి రోగి తానుకూడా అదే సమయంలో కండరాన్ని బిగించడం నేర్చుకొంటాడు. ఈ నేర్పు అలవడిన తరువాత పరికరం అవసరం తగ్గుతుంది.

సహజ సంకోచంలో చిన్న కండర తంతువులు ముందు, పెద్దవి తరువాత వంతులవారీగా పనిచేస్తాయి. విద్యుత్ ప్రేరణలో పలక కింద ఉన్న తంతువులన్నీ ఒకేసారి, మళ్ళీమళ్ళీ అవే పనిచేస్తాయి. అందువలన కండరం త్వరగా అలసిపోతుంది. ప్రతి సంకోచం తరువాత విశ్రాంతి ఇవ్వడానికి ఇదే కారణం.

రకాలు

వాడుకలో అన్నింటినీ "కరెంటు" అనే పిలిచినప్పటికీ వీటి ఉద్దేశాలు వేరు.

• కండర ప్రేరణ: సాధారణంగా సెకనుకు 30 నుండి 80 స్పందనలు ఇస్తారు. కండరం స్పష్టంగా బిగుసుకోవాలి. బలం పెంచడం దీని లక్ష్యం.
• టెన్స్: చర్మం మీదుగా నరాలను ప్రేరేపించి నొప్పి తెలియకుండా చేసే పద్ధతి. చీమలు పాకినట్లు అనిపిస్తుంది. కండరం బిగియనవసరం లేదు. బలం పెరగదు.
• ఐ.ఎఫ్.టి.: ఇంచుమించు 4000 హెర్ట్జ్ గల రెండు ప్రవాహాలు శరీరంలో కలిసేటట్లు నాలుగు పలకలు అమరుస్తారు. ఇదీ ప్రధానంగా నొప్పి నివారణకే.
• శరీరమంతటి ప్రేరణ: పలకలు కుట్టిన ప్రత్యేక దుస్తులు ధరించి వ్యాయామం చేస్తారు. మొదటి రోజునే తీవ్రత పెంచితే కండర కణాలు విచ్ఛిన్నమై మూత్రపిండాలకు హాని కలిగే ప్రమాదం కలదు. జర్మనీలో 2020 డిసెంబరు 31 నుండి అమలులోకి వచ్చిన నిబంధనలు ఈ పరికరాలను వాణిజ్యపరంగా నడిపేవారికి శిక్షణ ఉండాలని నిర్దేశించాయి.
• లోపల అమర్చే పరికరం: మల్టిఫిడస్‌కు వెళ్ళే నరం వద్ద శస్త్రచికిత్సతో అమర్చే ప్రేరకాన్ని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఆమోదించింది. ఇది దీర్ఘకాలిక నడుము నొప్పి గల కొందరికే ఉద్దేశించినది. నరంపై ఒత్తిడి తొలగించే శస్త్రచికిత్స అవసరమైనవారికి కాదు.

చికిత్సా క్రమం

తొలి దశలో కాలిలోకి పాకే నొప్పిని తగ్గించడమే ముఖ్యం. అయితే మంచానికే పరిమితం కావడం మేలు చేయదు. 1986లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో నడుము నొప్పికి ఏడు రోజుల విశ్రాంతి కన్న రెండు రోజుల విశ్రాంతి ఏ విధంగానూ తీసిపోలేదని తేలింది. శక్తికొద్దీ నడవడం మంచిది.

నొప్పి తగ్గిన పిదప రోగిని పొట్ట కింద దిండుతో బోర్లా పడుకోబెట్టి, వెన్నెముకకు రెండు ప్రక్కలా పలకలు అమరుస్తారు. పూసలపై నేరుగా అంటించరు. సుమారు 10 సెకన్ల సంకోచం, దానికి మూడు నుండి ఐదు రెట్ల విశ్రాంతి చొప్పున కొన్ని మార్లు చేస్తారు. సంకోచ సమయంలో రోగి బొడ్డును లోనికి లాగి నడుమును స్థిరంగా ఉంచాలి. తరువాతి దశలో చేతులు, మోకాళ్ళపై ఆని ఎదురెదురు చేయి, కాలు చాచడం వంటి వ్యాయామాలు జతచేస్తారు. చివరి దశలో పరికరం లేకుండా, మోకాళ్ళు వంచి బరువును ఒంటికి దగ్గరగా పట్టి లేపడం అభ్యసింపజేస్తారు. కాలిలోనికి నొప్పి మరింత కిందికి దిగితే ఆ వ్యాయామాన్ని వెంటనే ఆపాలి. కాలి నొప్పి తగ్గి నడుము వద్దకే పరిమితం కావడం సాధారణంగా మంచి సూచన.

ఫలితాలు, పరిమితులు

బ్రిటనుకు చెందిన నైస్ సంస్థ 2016లో విడుదల చేసిన మార్గదర్శకాలలో, నడుము నొప్పికి గాని, దానితోపాటు కాలిలోకి పాకే నొప్పికి గాని టెన్స్, ఐ.ఎఫ్.టి. ఇవ్వరాదని, వ్యాయామాన్ని సూచించాలని పేర్కొన్నది. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాలు కూడా టెన్స్, నడుము బెల్టు, ట్రాక్షన్ వంటివాటిని నిత్య చికిత్సగా సిఫారసు చేయలేదు. బలం పెంచే కండర ప్రేరణపై జరిగిన పరిశోధనలు ఎక్కువగా సాధారణ నడుము నొప్పి గలవారిపైనే జరిగాయి. డిస్కు జారినవారికి విడిగా లభించే ఆధారాలు స్వల్పం.

నరపు మొదలు బాగా దెబ్బతిని పాదం వేలాడినపుడు సాధారణ పరికరం ఆశించిన ఫలితం ఇవ్వదు. ఈ పరికరాలు కండరాన్ని నరం ద్వారానే కదిలించగలవు గనుక, నరమే పనిచేయనపుడు కండరం స్పందించదు. పక్షవాతంలో పాదం ఎత్తడానికి వాడే విద్యుత్ ప్రేరణతో దీనిని పోల్చరాదు. అక్కడ పాదానికి వెళ్ళే నరం చెక్కుచెదరక ఉంటుంది.

ఎవరికి తగదు

• గుండెలో పేస్‌మేకరు గాని, అటువంటి ఇతర విద్యుత్ పరికరం గాని ఉన్నవారికి
• గర్భిణులకు నడుము, పొట్ట భాగాలలో
• క్యాన్సరు, ఇన్ఫెక్షన్, రక్తపు గడ్డ ఉన్న భాగాలపై
• పుండు, పొక్కు, చర్మవ్యాధి ఉన్న చోట
• వైద్యుని సలహా లేకుండా మూర్ఛ ఉన్నవారికి

మధుమేహం వలన గాని, నరపు ఒత్తిడి వలన గాని స్పర్శ తగ్గిన చోట కాలిన గాయమైనా తెలియదు. కనుక ముందుగా స్పర్శను పరీక్షించాలి. తడి ఒంటితో పరికరాన్ని వాడరాదు. ఛార్జింగు పెట్టి ఉంచి వాడరాదు. శస్త్రచికిత్సలో లోహపు మరలు అమర్చినవారు ఆ విషయాన్ని తప్పక తెలియజేయాలి. ముఖ్యంగా లోహాన్ని వేడెక్కించే షార్ట్‌వేవ్ డయాథర్మీ వారికి ప్రమాదకరం.

అత్యవసర లక్షణాలు

మూత్రం బిగబట్టడం లేక తెలియకుండా పోవడం, మలద్వారం, జననాంగాల చుట్టూ తిమ్మిరి, రెండు కాళ్ళలో బలహీనత కలిగితే వెన్నుపాము చివరనున్న నరాల గుచ్ఛం నలిగిపోతున్నదని అనుమానించాలి. గుర్రపు తోకను పోలి ఉన్నందున ఈ గుచ్ఛానికి లాటిన్ భాషలో ఆ పేరే పెట్టారు. ఇందుకు శస్త్రచికిత్స వీలైనంత త్వరగా, సాధారణంగా 48 గంటలలోపే జరగాలి. ఆలస్యమైతే మూత్ర నియంత్రణ శాశ్వతంగా పోవచ్చు. ఇట్టి స్థితిలో కరెంటు పెట్టించడం గాని, నడుము తొక్కించడం గాని చేయరాదు. 2005లో రాష్ట్రంలో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవను పిలవాలి. మైలవరం ప్రాంతం వారు విజయవాడలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్ళవచ్చును. పాదం రోజురోజుకూ బలహీనపడుతున్నా, జ్వరం, అకారణంగా బరువు తగ్గడం, చెట్టుపై నుండి పడిన దెబ్బ ఉన్నా చికిత్సకు ముందే వైద్యపరీక్ష అవసరం.

ఇవి కూడా చూడండి

• వెన్నెముక
• భౌతిక చికిత్స
• నడుము నొప్పి
• మైలవరం