సనద్ ఉన్న చెయ్యి



పోయిన రంజాన్‌కు ముందు మా అమ్మీ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక కొండాపూర్‌లో ఉన్న మా తమ్ముడి ఫ్లాట్‌కు తీసుకొచ్చాం. తమ్ముడు, మరదలు ఇద్దరూ ఐటీ వాళ్ళు. పొద్దున పోతే రాత్రికి వస్తారు. ఒక బ్యూరోకు ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా తెల్లకోటు వేసుకున్న అమ్మాయిని పంపించారు. 'హోమ్ నర్స్' అన్నారు. మేమూ 'సిస్టర్' అని పిలిచాం. మంచి పిల్ల. అమ్మీకి తల దువ్వేది, నమాజ్ టైముకు మంచం మీదే వజూ చేయించేది.

అమ్మీకి పూటకు 20 యూనిట్ల ఇన్సులిన్. ఆ అమ్మాయి రోజూ సిరంజిలో సరిగ్గా 20 గీత దాకా లాగి ఇచ్చేది. అయినా షుగర్ మూడొందల కిందికి దిగేది కాదు. వారం తర్వాత మా భాంజీ వచ్చింది. హైటెక్ సిటీ వైపు ఒక పెద్ద ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. నైట్ డ్యూటీ దిగి, ముఖం కూడా కడుక్కోకుండా నానీని చూడ్డానికి వచ్చింది. ఫ్రిజ్ తెరిచి బుడ్డి చూసింది, సిరంజి చూసింది.

"మామూ, బుడ్డి 40 ది, సిరంజి 100 ది. ఎర్ర మూతది తేవాల్సింది, నారింజ మూతది తెచ్చారు. దీంట్లో 20 గీత దగ్గర ఎక్కేది 8 యూనిట్లే."

ఆ సిరంజీలు తెచ్చింది నేనే. మెడికల్ షాపులో 'ఇన్సులిన్ సిరంజి' అన్నాను, ఇచ్చింది పట్టుకొచ్చాను. ఇదే తిరగబడి ఉంటే, అంటే బుడ్డి 100 ది, సిరంజి 40 ది అయ్యుంటే, రెండున్నర రెట్లు ఎక్కేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. భాంజీ ఆ అమ్మాయిని కసరలేదు. ఒక్కటే అడిగింది: "నీ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత?"

"అదేంటక్కా?" అంది ఆ పిల్ల.

ఆ 'అదేంటక్కా' నన్ను కొన్నాళ్ళు పుస్తకాల్లోకి నెట్టింది. మరీజ్ ఒంటి మీద చెయ్యి వేయడానికి ఎవరికి ఇజాజత్ ఉంది? ఆ ఇజాజత్ ఎవరిస్తారు? ఈ సవాల్ ఎప్పటిది?

మన తారీఖ్‌లో ఇది చాలా పాతది. హిజ్రీ 319, అంటే 931లో, బగ్దాద్‌లో ఒక హకీమ్ పొరపాటు వల్ల మరీజ్ చనిపోయాడు. ఖలీఫా ముఖ్తదిర్ వెంటనే హుకుమ్ జారీ చేశాడు: సినాన్ ఇబ్న్ సాబిత్ ఇమ్తిహాన్ పెట్టి సనద్ ఇచ్చేదాకా శహర్‌లో ఎవరూ ఇలాజ్ చేయకూడదని. ఇమ్తిహాన్‌కు వచ్చినవాళ్ళు 860 మందికి పైగా ఉన్నారని రాశారు. పేరున్న పెద్ద హకీమ్‌లకు మినహాయింపు దొరికిందట. ఆ సిఫారిష్ రివాజు కూడా అప్పటిదే అన్నమాట.

కాని ఆ ఇమ్తిహాన్ హకీమ్‌లకే. పక్కన కూర్చుని పుండు కడిగే చేతుల గురించి ఎవరూ అడగలేదు. ఆ చేతుల్లో మనకు పేరు తెలిసిన మొదటి చెయ్యి హజ్రత్ రుఫైదా అస్లమియా రజియల్లాహు అన్హా. ఖందక్ జంగ్‌లో హజ్రత్ సఅద్ ఇబ్న్ ముఆజ్‌కు బాణం తగిలితే, మస్జిదె నబవీలోనే ఉన్న ఆమె ఖైమాలో ఉంచమని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పారు. మన ఖాందాన్‌లలో 'ఆడపిల్లకు నర్సు నౌకరీ ఏంటి, గైర్ మర్దులను ముట్టుకోవాలి, రాత్రి డ్యూటీలు' అనేవాళ్ళు ఈ ఖైమా ఎక్కడ ఉందో ఒక్కసారి ఆలోచించాలి. మస్‌అలా చెప్పడానికి నేను ఆలిమ్‌ను కాను, తారీఖ్ మాత్రమే చెబుతున్నాను.

నర్సుల పేర్లను ఖానూన్ ప్రకారం రిజిస్టర్‌లో ఎక్కించిన మొదటి ముల్క్ న్యూజిలాండ్. అక్కడ 1901లో చట్టం వచ్చింది, 1902 జనవరిలో ఎలెన్ డౌగర్టీ అనే ఆమె పేరు మొదట ఎక్కింది. ఇంగ్లాండ్‌లో మాత్రం ఇది ముప్పై ఏళ్ళ ఝగడా. తమాషా ఏంటంటే, నర్సు అనగానే మనకు గుర్తొచ్చే ఫ్లారెన్స్ నైటింగేలే రిజిస్ట్రేషన్‌ను వ్యతిరేకించింది. మంచి నర్సుకు కావలసింది అఖ్లాక్, అది పరీక్షలో తేలదు, రిజిస్టర్‌లో ఎక్కదు అని ఆమె వాదన. ఎదురుగా నిలబడినది ఎథెల్ ఫెన్విక్ అనే నర్సు. అఖ్లాక్ సరే, మరీజ్‌కు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది, ఎవరు పడితే వాళ్ళు టోపీ పెట్టుకుని నర్సునంటే ఎవరు ఆపుతారు అని ఆమె పట్టు. 1919లో చట్టం వచ్చింది, రిజిస్టర్‌లో ఒకటో నంబర్ ఫెన్విక్‌ది. మా కొండాపూర్ పిల్లను చూశాక నేను ఇద్దరి మాటా ఒప్పుకున్నాను. అఖ్లాక్‌కు ఆమెలో ఏ లోటూ లేదు. ఎర్ర మూతకు, నారింజ మూతకు ఫర్క్ మాత్రం ఎవరూ నేర్పలేదు.

మన దగ్గరికి వద్దాం. తెలుగు నేల అప్పుడు రెండు హుకూమత్‌ల కింద ఉంది. కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో. అక్కడ 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. నిజాం రియాసత్‌కు ఆ చట్టంతో సంబంధం లేదు. అలాగని ఇక్కడ తిబ్బీ తాలీమ్ వెనకబడి లేదు. 1846లోనే మెడికల్ స్కూల్ పెట్టి ఉర్దూలో డాక్టరీ నేర్పారు. 1888, 89లలో క్లోరోఫామ్ మీద రెండు కమిషన్లు ఇక్కడే కూర్చున్నాయి. రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ ఖాతూన్ ఈ స్కూల్లోనే చదివి, మత్తు ఇచ్చే డాక్టరై పేరు తెచ్చుకుంది. 1906లో మూసీ ఒడ్డున విక్టోరియా జనానా ఆస్పత్రికి పునాదిరాయి వేశారు. పాతబస్తీ వాళ్ళు దాన్ని జజ్గీఖానా అన్నారు. పర్దా వదలని బీబీలు కూడా కాన్పుకు గడప దాటి రావడానికి పెట్టిన దవాఖానా అది.

అయినా చాలా ఇళ్ళలో కాన్పు అంటే దాయీ చేతిలోనే. మా దాదీ తొమ్మిది కాన్పులూ అట్లాగే అయ్యాయి, ఆరుగురు మిగిలారు. ఆ ముగ్గురి గురించి అడిగితే 'అల్లాహ్ మర్జీ' అనేది, ఇంకేమీ చెప్పేది కాదు. మహల్‌లలో ఉన్నవాళ్ళకూ భద్రత ఉందని కాదు. ఉస్మానీ ఖాందాన్ నుంచి వచ్చిన నిలోఫర్ షహజాదీకి ఇష్టమైన ఖాదిమా రఫత్ 1949లో ప్రసవంలో చనిపోయింది. ఇంకో రఫత్ చావకూడదని షహజాదీ పట్టుబడితే కట్టిందే నిలోఫర్ ఆస్పత్రి, 1953లో తెరిచారు. రెడ్ హిల్స్ మీదుగా పోయినప్పుడల్లా నాకు షహజాదీ కంటే ఆ రఫతే గుర్తొస్తుంది.

అప్పటికి ముల్క్ మొత్తం మీద నర్సులు ఎంతమంది? 1946లో భోర్ కమిటీ లెక్క కట్టింది: ఏడు వేల మంది. అంటే 43,000 మందికి ఒక్కరు. ఆ మరుసటి ఏడు, 1947 డిసెంబర్ 31న, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. ఒక సూబాలో చదివిన నర్సు సనద్ ఇంకో సూబాలో చెల్లడానికి, అందరి చదువూ ఒకే దర్జాలో ఉండడానికి. తారీఖు గమనించండి. ఆ రోజుకు మన హైదరాబాద్ ఇంకా హిందుస్తాన్‌లో కలవలేదు, యథాతథ ఒప్పందం మీద నడుస్తోంది. పోలీస్ యాక్షన్ తర్వాత, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాతే రెండు తెలుగు ప్రాంతాల నర్సులు ఒకే రాష్ట్రం లెక్కలోకి వచ్చారు.

ఈ బందోబస్తు రెండు అంతస్తులది. చదువు ఎట్లా ఉండాలో ఢిల్లీ కౌన్సిల్ చెబుతుంది, పేరు మాత్రం రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్‌లో ఎక్కాలి. ఏఎన్ఎం రెండేళ్ళు, జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నాలుగేళ్ళు, ఏది చదివినా కౌన్సిల్‌లో నంబర్ పడితేనే నర్సు. ఆ కౌన్సిల్ దఫ్తర్ కోఠి, సుల్తాన్ బజార్‌లో. ఒకప్పుడు రెసిడెన్సీ బజార్ అనే పేరుతో అంగ్రేజుల చేతిలో ఉండి, 1933లో నిజాంకు తిరిగొచ్చిన మహల్లా అది. 2014లో రాష్ట్రం రెండైతే కౌన్సిళ్ళూ రెండయ్యాయి. అంతకుముందు రిజిస్టర్ అయిన మా భాంజీ సీనియర్ల సనద్‌ల మీద ఇప్పటికీ ఉమ్మడి రాష్ట్రం పేరే కనిపిస్తుంది.

ఇక సైబరాబాద్. 1998 నవంబర్‌లో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు చుట్టూ బండరాళ్ళే. ఇప్పుడు మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల ఆఫీసుల మధ్య అద్దాల ఆస్పత్రులు. వాటిని నడిపే నర్సులు కేరళ నుంచి, మణిపూర్ నుంచి, మన ఖమ్మం, నల్గొండ, కర్నూలు నుంచి వచ్చి కొండాపూర్ హాస్టళ్ళలో గదికి నలుగురు చొప్పున ఉంటారు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలో కూడా నర్సుకు 20,000 తగ్గకూడదని, 200 దాటితే సర్కారీ జీతంతో సమానం ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసు ఎంత అమలైందో ఏ హాస్టల్ మెట్ల మీద కూర్చుని అడిగినా చెబుతారు.

ఇదే కారిడార్‌లో ఇంకోరకం నర్సులు ఉన్నారు, మరీజ్‌ను ముట్టని నర్సులు. మెడికల్ కోడింగ్ కంపెనీలు బీఎస్సీ నర్సింగ్ చదివిన పిల్లలను తీసుకుని, అమెరికా ఆస్పత్రుల బిల్లులకు కోడ్‌లు వేయిస్తాయి. ఏసీ గది, శని ఆదివారాలు సెలవు. మన తల్లిదండ్రులకు ఇది బాగా నచ్చింది. గైర్ మర్దులు లేరు, బెడ్‌పాన్ లేదు. తప్పు పట్టను, హలాల్ కమాయి ఎక్కడైనా హలాలే. కాని కొందరు రిజిస్ట్రేషన్‌ను అట్లాగే వదిలేస్తున్నారు. రెన్యువల్ గడువు దాటాక, ఎప్పుడో గల్ఫ్‌కో జర్మనీకో పోదామనుకున్న రోజున సుల్తాన్ బజార్ గుర్తొస్తుంది.

గల్ఫ్ మాట వచ్చింది కాబట్టి మన ఇళ్ళకు సంబంధించిన అసలు ముసీబత్ చెబుతాను: పేరు. సౌదీకి పోవాలంటే ప్రోమెట్రిక్ పరీక్ష రాయాలి. డేటాఫ్లో వాళ్ళు సనద్ నిజమా కాదా అని కాలేజీని, కౌన్సిల్‌ను నేరుగా అడుగుతారు. పైగా కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ కాగితం కావాలి. అన్నిటిలో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. మనకేమో టెన్త్ మెమోలో ఒక 'షేక్', ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్ 'షేక్'. చదువులో 'సుల్తానా', నికాహ్ అయ్యాక 'బేగం'. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏం రాయాలో తెలియక అబ్బా పేరు. మా భాంజీకి ఒక్క అక్షరం తేడాకే అఫిడవిట్లు, పత్రికా ప్రకటన, తిరుగుళ్ళు కలిపి ఏడు నెలలు పట్టింది. చేతికొచ్చిన వీసా పోయింది. అమ్మాయి నర్సింగ్‌లో చేరే రోజే టెన్త్ మెమో ముందు పెట్టుకుని మిగతా కాగితాలన్నీ దానికి సరిచేయించండి.

ఇంకో మాట, ఏజెంట్ల గురించి. 2015 మే 30 నుంచి సౌదీ, కువైట్ లాంటి 18 దేశాలకు నర్సులు ఈమైగ్రేట్ క్లియరెన్స్ లేకుండా పోకూడదు, పంపడం కూడా సర్కారీ ఏజెన్సీల ద్వారానే అని కేంద్రం నియమం పెట్టింది. లక్షలు గుంజే దలాల్‌ల వల్లే ఆ నియమం వచ్చింది. మన తెలంగాణకు టామ్‌కామ్ ఉంది, మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో. 'నాకు అక్కడ పహచాన్ ఉంది' అనే చాచా ఎవరైనా ఇంటికొస్తే, చాయ్ ఇచ్చి పంపించండి.

2023 ఆగస్టులో పార్లమెంటు చట్టం ఒకటి ఆమోదం పొందింది, 1947 చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ కోసం. ముల్క్ మొత్తానికి ఆన్‌లైన్ రిజిస్టర్ ఉండాలంటుంది. రిజిస్టర్‌లో లేనివాళ్ళు అర్హత ఉన్న నర్సుగా పనిచేస్తే ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జుర్మానా, లేదా రెండూ.

అది చదివి నాకు మా కొండాపూర్ పిల్ల గుర్తొచ్చింది. తెల్లకోటు వేసి, 'నర్స్' అని చెప్పి, 24 గంటల డ్యూటీకి మా ఇంట్లో దింపి, మా దగ్గర తీసుకున్నదాంట్లో సగం ఆమెకిచ్చింది బ్యూరో. నంబర్ అడగకుండా తలుపు తీసింది మేము. గచ్చిబౌలి, కోకాపేట టవర్లలో అమెరికా కొడుకుల అమ్మానాన్నల పక్కన ఇట్లాంటి పిల్లలు ఎందరున్నారో. బిడ్డ స్నానానికి, తిండికి, తోడుకు అటెండెంట్ ఉండొచ్చు, ఆ పనికి ఆ పేరే పెట్టాలి. సూది, క్యాథెటర్, ట్యూబ్ ఫీడింగ్ వచ్చినప్పుడు రిజిస్ట్రేషన్ కాగితం చూడాలి, ఫోటో తీసి పెట్టుకోవాలి, కౌన్సిల్‌లో అడిగి చూసుకోవాలి. అడిగితే అసలు నర్సు ఎవరూ నారాజ్ కారు. మా భాంజీ అయితే ఖుషీగా చూపిస్తుంది.

అమ్మీ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది, అల్‌హమ్దులిల్లాహ్. ఇన్సులిన్ భాంజీయే మరదలికి నేర్పింది. ఆ పిల్ల బ్యూరో మానేసి నేరుగా మా దగ్గరే ఉంది, అటెండెంట్‌గా. టెన్త్ దాకానే చదివింది, ఏఎన్ఎం‌కు ఇంటర్ కావాలి. మొన్న ఓపెన్ స్కూల్‌లో ఇంటర్‌కు ఫీజు కట్టాం. ఫారం నింపేటప్పుడు భాంజీ పక్కన కూర్చుని, టెన్త్ మెమో చేతిలో పట్టుకుని, పేరు ఒక్కో అక్షరం చదివి రాయించింది.