గన్నవరంలో నిలవని ఇంటిపేరు

స్కాట్లాండ్ దక్షిణపు సరిహద్దులో, ట్వీడ్ నది దగ్గర బెమర్‌సైడ్ అనే ఎస్టేటు ఉంది. దాని యజమానుల ఇంటిపేరు హేగ్. (అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్న డచ్చి నగరానికీ వీళ్లకీ సంబంధం లేదు.) ఎవరు ఎటు పోయినా ఆ భూమి హేగుల చేతిలోంచి పోదని 13వ శతాబ్దంలో థామస్ ది రైమర్ అనే కవి జోస్యం చెప్పాడట. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆ ఎస్టేటుకి యజమాని అయిన జెరుబాబెల్ హేగ్‌కి వరసగా పన్నెండుమంది ఆడపిల్లలు పుట్టారు. చుట్టుపక్కల వాళ్లకి జోస్యం మీద నమ్మకం సడలింది. ఆ తర్వాత కొడుకు పుట్టాడు, కవిగారి పరువు దక్కింది. ఒక చోటుని వదలనే వదలదని ఇంత ఘనంగా చాటుకున్న ఇంటిపేరే కోనసీమలో ఒక పెద్ద కట్టడం వెనక ఉంది. పి. గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీదుగా కాలువని దాటించిన ఇంజనీరు పేరు ఫెలిక్స్ థామస్ హేగ్. అక్కడ మాత్రం ఆ పేరు ఎవరి నోటా వినపడదు. పేరు నిలిచేది దాన్ని నిలబెట్టుకోవాలని పట్టుదల ఉన్న మనుషులు ఉన్నచోటే అనడానికి ఈ రెండు ఊళ్ల కథలూ కలిపి చదవాలి.

బెమర్‌సైడ్ జోస్యమే చూడండి. 12వ శతాబ్దంలో నార్మండీలోని లా హేగ్ అనే ప్రాంతం పేరుతో ఒక కుటుంబం అక్కడికి వచ్చి స్థిరపడింది. తర్వాతి శతాబ్దాల్లో సరిహద్దు తగాదాలు, పెళ్లిళ్లు, అప్పులు, అన్ని జమీందారీ వంశాల్లోనూ ఉండేవే. 19వ శతాబ్దంలో వంశం ముగ్గురు అక్కచెల్లెళ్ల దగ్గర ఆగిపోయింది. వాళ్లు ఆస్తిని అదే ఇంటిపేరున్న దూరపు శాఖకి రాసిచ్చారు. 1921లో జనం చందాలు వేసి ఆ ఎస్టేటుని కొని, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యాన్ని నడిపిన ఫీల్డ్ మార్షల్ డగ్లస్ హేగ్‌కి బహుమతిగా ఇచ్చారు. అంటే జోస్యం తనంతట తాను ఫలించలేదు. ఒకసారి వీలునామా, ఇంకోసారి చందా దాన్ని ఫలింపజేశాయి. ఈ డగ్లస్ హేగ్ విస్కీ వ్యాపారి కొడుకు. ఆ వ్యాపారం మూలాల్ని 1655లో ఆదివారం పూట సారా కాచినందుకు చర్చి పెద్దల ముందు నిలబడ్డ రాబర్ట్ హేగ్ దాకా తీసుకెళ్తారు. మార్షల్‌గారు కుర్ర అధికారిగా 1880ల్లో మన సికింద్రాబాద్ కంటోన్మెంటులోనూ ఉన్నాడు. సోమ్ యుద్ధం తర్వాత ఆయన్ని మెచ్చినవాళ్లూ తిట్టినవాళ్లూ కూడా ఆ పేరుని మరవలేదు. సీసా మీది చీటీ సరేసరి.

ఇక్కడ ఒక ఆకర్షణ ఎదురవుతుంది. గన్నవరం హేగ్‌ని మార్షల్‌కి పెదనాన్ననో, విస్కీ హేగుల జ్ఞాతినో చేసేస్తే కథ రక్తి కడుతుంది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలపడం ఎంత ప్రమాదమో కోనసీమ వాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. పాలగుమ్మి, నేదునూరు, వక్కలంక, ముక్కామల, పలివెల ఈ సీమలో ఊళ్లు. రాష్ట్రమంతటా ఇవే, లేదా వీటికి దగ్గరగా ఉండేవే, ఇంటిపేర్లు కూడా. పాలగుమ్మి పద్మరాజు పుట్టింది పాలగుమ్మిలో కాదు, నేదునూరి కృష్ణమూర్తి పుట్టింది నేదునూరులో కాదు. ఊరి పేరు ఎవరి సొత్తూ కాదు గనక ఒకే ఊరినుంచి కదిలిన వేర్వేరు కులాలవాళ్లకి ఒకే ఇంటిపేరు రావచ్చు. అందుకే మనవాళ్లు ఇంటిపేరు విన్నాక కూడా గోత్రం అడుగుతారు. లా హేగ్ నుంచి బయలుదేరిన పేరుకీ ఇదే న్యాయం. మనకి కావలసిన హేగ్‌కి గొప్పదనం తన పనివల్లే వచ్చింది, స్కాట్లాండ్ నుంచి అరువు తేనక్కర్లేదు.

ఆ పని విలువ తెలియాలంటే నందన కరువు దగ్గర మొదలుపెట్టాలి. 1833 నాటి ఆ కరువు, దాని ముందూ వెనకా వచ్చిన తుఫాన్లు, వరదలు గోదావరి తీరాన్ని పిప్పి చేశాయి. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి అయిదు లక్షల అరవై వేలకి పడిపోయింది. నది నిండా నీళ్లుండగా ఒడ్డున జనం ఆకలితో చచ్చారు. 1844లో హెన్రీ మాంట్‌గొమరీ నివేదిక, దాని వెంటే ఆర్థర్ కాటన్ ప్రతిపాదన, 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలు, 1852లో పూర్తి. ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. అందులో లేనిది, ఆనకట్ట కట్టినంత మాత్రాన కోనసీమ అంతటికీ నీళ్లు రావన్న సంగతి. బొబ్బర్లంక దగ్గర బయలుదేరిన కాలువ మధ్య డెల్టాలో కొంత మేర పారి, వైనతేయ పాయ దగ్గర ఆగిపోవాలి. ఆ పాయకి అవతల, వైనతేయకీ వశిష్ఠకీ సముద్రానికీ మధ్య చిక్కుకున్న నగరం దీవి ఉంది. తాటిపాక, రాజోలు, సఖినేటిపల్లి అన్నీ అటువైపే. పాయలో నీళ్లు పొలం మట్టానికి చాలా కింద ఉంటాయి, కింది భాగాన సముద్రపు పోటుకి ఉప్పెక్కుతాయి. చుట్టూ నీళ్లే, చేలో పోసుకోవడానికి చుక్క లేదు.

దారి ఒక్కటే. కాలువ తన ఎత్తు పోగొట్టుకోకుండా నదిమీదుగా అవతలి గట్టుకి చేరాలి. కాటన్ ఆ పని హేగ్‌కి అప్పజెప్పాడు. 1825లో పుట్టిన హేగ్‌కి అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. ఒక్కొక్కటి 40 అడుగుల చొప్పున 49 ఖానాలు. స్తంభాల మందం వదిలేసి కమానుల వెడల్పు మాత్రమే కలిపినా 1,960 అడుగులు. కింద నది, పైన కాలువ, అంటే అక్విడక్టు. అడుగున ఇసక, జులై నుంచి వరద. నీళ్లు తగ్గాక పునాదిలో దిగి, మళ్లీ ఎర్రనీళ్లు వచ్చేలోగా కమాను నిలబెట్టకపోతే పడ్డ శ్రమంతా ఏటిపాలు. బరువు మోసే యంత్రాలు లేని 1850ల తొలి ఏళ్లలో ఇటుకా సున్నంతో ఇంత పని జరిగింది. ధవళేశ్వరంతో పోలిస్తే ఇది చిన్న పనే. అయినా తెలివిలో మాత్రం ధవళేశ్వరాన్ని మించిందనే నా అభిప్రాయం. ఆనకట్టలు కావేరి మీద చోళుల కాలంనుంచీ ఉన్నాయి. ఒక నదీజలాన్ని అదే నది పాయ మీదుగా దాటించడం ఈ దేశంలో అప్పటికి అరుదు. డెల్టా కాలువలు నీళ్లతోపాటు పడవల్నీ మోసేవి. ధాన్యం, కొబ్బరి, మనుషులు, అన్నీ లాకులు దాటుకుంటూ ప్రయాణం చేసేవి. రోడ్లు వచ్చాక ఆ జలరవాణాని చేజేతులా పోగొట్టుకున్నాం. లారీ డీజిలు ఖర్చు లెక్కవేసేవాళ్లు ఆ నష్టాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

హేగ్ ఆ తర్వాత గోదావరిని విడిచిపెట్టలేదు. 1856లో ఎగువ గోదావరిలో పడవలు నడిపే అవకాశం మీద నివేదిక రాశాడు. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకుల పని నడిపాడు. మధ్య భారతపు పత్తిని నదిమీదుగా సముద్రానికి చేర్చాలన్నది ఆశ. రైళ్లు వచ్చాయి, ఖర్చు పెరిగింది, 1871లో ప్రభుత్వం ఆ పథకాన్ని వదిలేసింది. దుమ్ముగూడెంలో కోయల మధ్య క్రైస్తవ మిషన్‌కి పునాది వేసింది కూడా ఈయనే. ఉద్యోగం ముగిశాక 1887లో యెమెన్ ప్రయాణం గురించి, ఆరేబియా తీరాల్లో మిషన్ పని గురించి రాశాడు. ఆ దారినే తర్వాత అమెరికన్ మిషనరీలు గల్ఫుకి వెళ్లారు. ఆయన నీళ్లిచ్చిన రాజోలు ప్రాంతంనుంచే వందేళ్ల తర్వాత వేలమంది మస్కట్‌కీ కువైట్‌కీ పనులకి వెళ్తారని మాత్రం ఊహించి ఉండడు.

మరి ఇంత పనిచేసినవాడి పేరు గన్నవరంలో ఎందుకు లేదు? దొరల పేర్లు మనకెందుకని ఒక వాదం ఉంది. అది నిజమైన కారణమైతే కాటన్‌కి ఊరూరా విగ్రహాలు ఉండవు, ధవళేశ్వరం బ్యారేజీకి ఆయన పేరు ఉండదు. జరిగింది వేరు. కృతజ్ఞత అంతా ఒక్క మనిషికి జమయింది. హేగ్‌తోపాటు, కాటన్ తర్వాత పనుల్ని నడిపిన కెప్టెన్ ఆర్ కూడా మరుగునపడ్డాడు. అదీ స్కాటిష్ ఇంటిపేరే. కాటన్ దగ్గర పనిచేసి రాయ్‌బహద్దూర్ అయిన వీణం వీరన్నని తలుచుకునేది కొద్దిమందే. రెండో వాదం ఇంకా బలమైనది: కట్టింది హేగ్ కాదు, మట్టి మోసిన ఉప్పరులు, రాయి కొట్టిన వడ్డెరలు, ఇటుక పేర్చిన తాపీవాళ్లు. ఒప్పుకోవలసిందే. అయితే ఇంజనీరు పేరు చెరిపేసినందువల్ల కూలీల పేర్లు వెలుగులోకి రాలేదు. ఎవరు, ఎప్పుడు, ఎలా కట్టారన్న ప్రశ్నే మాయమైంది. అదే కాలంలో అమెరికా-కెనడా సరిహద్దు సర్వేలో పనిచేసిన కెప్టెన్ ఆర్. డబ్ల్యు. హేగ్ పేరు రాకీ పర్వతాల్లో ఒక శిఖరానికి ఉంది. అక్కడ పటం గీసినవాళ్లకి పేరు అవసరమైంది. గన్నవరానికి అప్పటికే పేరుంది, అక్విడక్టు ఊరి పేరే తెచ్చుకుంది.

2000 ప్రాంతంలో పాతదాని పక్కనే కొత్త అక్విడక్టు కట్టినప్పుడు దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో నది దాటే బాటసారులకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆమె చిత్రపటం తెప్పించుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏటికి అవతల పంటకి నీళ్లిచ్చే కట్టడానికి అన్నదాత పేరు పెట్టడంలో ఔచిత్యం ఉంది. హేగ్ పేరు పెట్టి ఉండాల్సిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పాత ఖానాల దగ్గర ఒక బోర్డు, దానిమీద తేదీలూ పేర్లూ ఉంటే చాలు. ఇక సీతమ్మగారి విషయానికే వస్తే, 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే పెట్టింది. డొక్కా ఆమె మెట్టినింటి పేరు. మండపేటలో ఆమె పుట్టింటివారు అనుపిండి వారు. వచ్చేపోయేవాళ్లకి బువ్వ పెట్టి పంపే తండ్రి భవానీశంకరంగారిని ఊరంతా బువ్వన్న అని పిలిచేదట. ఆ ఇంటిపేరు ఏ బోర్డు మీదా లేదు.