పదో తరగతి వీలునామా: ఆఖరి బెంచీ ఎవరికి రాసిచ్చాం?

ఇవాళ డైరెక్ట్‌గా ఒక కాగితం చదివి మొదలెడతాను. 2013 ఫిబ్రవరిలో, చెరుకుపల్లి దగ్గర మా స్కూల్లో, తొమ్మిదో తరగతి వాళ్ళు మాకు ఫేర్‌వెల్ పార్టీ ఇచ్చినప్పుడు స్టేజీ మీద చదివిన కాగితం ఇది. స్కూల్ పేరు చెప్పను. ఎందుకో వింటూ ఉంటే మీకే తెలుస్తుంది.

"పదో తరగతి బి సెక్షన్ వారమైన మేము స్వస్థచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, లెక్కల పీరియడ్‌లో తప్ప మిగతా వేళల్లో పూర్తి మెలకువతో రాసి ఇచ్చిన వీలునామా ఏమనగా: మా స్వార్జితమైన ఆఖరి బెంచీ ఒకటి, దాని మీద కంపాస్ ముల్లుతో చెక్కిన 14 పేర్లతో సహా, తొమ్మిదో తరగతి వారికి దఖలు పరుస్తున్నాం. చతుస్సీమలు: తూర్పు కిటికీ, ఆవల జామచెట్టు. పడమర గోడ, గోడకి సైన్సు చార్టు. దక్షిణం డస్ట్‌బిన్. ఉత్తరం అమ్మాయిల వరస, అటు వెళ్ళే హక్కు మాకూ లేదు, మీకూ ఉండదు."

ఇంకా ఉంది. సోషల్ ఆల్ ఇన్ వన్ గైడు, అందులో చిరిగిన పేజీలు తప్ప మిగతాది, ఫలానా జూనియర్‌కి. మధ్యాహ్నం సైకిల్‌కి నీడ పడే చోటు ఇంకొకడికి. హెడ్మాస్టర్ గారి అడుగుల చప్పుడు 20 గజాల నుంచి గుర్తుపట్టే విద్య అందరికీ ఉమ్మడిగా. కింద ఇద్దరు సాక్షుల సంతకాలు, అందులో ఒకటి వాచ్‌మన్ తాతది. ఆయన ఏం రాశామో చదవకుండానే నవ్వుతూ సంతకం పెట్టేశాడు.

పదిహేనేళ్ళ పిల్లలకి ఈ భాష ఎలా వచ్చిందని మీకు డౌట్ రావచ్చు. మా క్లాసులో ఒకడి నాన్నగారు దస్తావేజులు రాసేవారు. వాడు ఇంట్లో పాత నకలు ఒకటి తెచ్చాడు, పొలం ఉన్నచోట బెంచీ పెట్టాం, అంతే. బీటెక్‌లో చేరాక కోడ్ కాపీ కొట్టి వేరియబుల్ పేర్లు మార్చడం నేర్చుకున్నాను గానీ, నా మొదటి ప్రాక్టీసు ఇదేనండి.

అసలు వీలునామా అన్న మాటే తమాషా. అందులో "వీలు" ఇంగ్లీషు "విల్", "నామా" పారశీకం. రెండు పరాయి ముక్కలు అతికించి కోర్టుల చుట్టూ పుట్టిన తెలుగు మాట. చట్టం ప్రకారం మా కాగితం ఎందుకూ పనికిరాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో వీలునామా రాసేవాళ్ళకి మతి స్థిమితంగా ఉండాలి, మైనర్ కాకూడదు. ఇద్దరు సాక్షులుండాలన్న షరతు ఒక్కటే మేం సరిగ్గా పాటించాం.

మేమేదో కొత్తగా కనిపెట్టామనుకున్నాం కదా, ఉద్యోగంలో చేరాక ఒక రాత్రి యూట్యూబ్‌లో తెలిసింది, అమెరికాలో ఇదొక పాత ఆచారమని. అక్కడి కాలేజీల్లో చదువు ముగిసే ముందు క్లాస్ డే అని ఒక రోజు చేసేవాళ్ళు. ఆ రోజు క్లాసు చరిత్ర ఒకరు, క్లాసు పద్యం ఒకరు, క్లాసు జోస్యం ఒకరు, క్లాసు వీలునామా ఒకరు చదివేవాళ్ళు. 19వ శతాబ్దం చివరికి అది హైస్కూళ్ళకీ పాకింది. జోస్యంలో ఫలానా వాడు ఇరవై ఏళ్ళ తర్వాత సర్కస్‌లో సింహాలకి అన్నం పెడుతుంటాడు అన్నట్టు రాస్తారు. వీలునామాలో తమ అల్లరి, తమ కుర్చీ, తమ సాకులు జూనియర్లకి రాసిస్తారు. ఇయర్‌బుక్కుల్లో "గెలిచే అవకాశం అందరికన్నా ఎక్కువున్నవాడు" లాంటి బిరుదులు ఇప్పటికీ ఇస్తున్నారు. మనవాళ్ళ పిల్లలు డాలస్‌లో, న్యూజెర్సీలో ఆ పేజీల్లో ఉంటూనే ఉన్నారు.

అక్కడ ఇది ఎందుకు నడిచిందో చూడండి. 1910లో అమెరికాలో ఆ వయసు వాళ్ళలో హైస్కూల్ పూర్తి చేసింది 100కి 9 మంది దాకానే. క్లాసు చిన్నది, అందరికీ అందరూ తెలుసు, ఒక్కొక్కరి మీద ఒక లైను రాయొచ్చు. 1940కి సుమారు సగం మంది పూర్తి చేస్తున్నారు. ఈలోపు ఈ సరదా ప్రతి ఊరి స్కూల్లో ఇయర్‌బుక్‌లో చోటు సంపాదించుకుంది. ఫొటోల కథ ఇంకాస్త పాతది. బోస్టన్ ఫొటోగ్రాఫర్ జార్జ్ వారెన్ 1860ల్లో కాలేజీ కుర్రాళ్ళ ఫొటోలు తీసి అమ్మేవాడు, వాళ్ళు తమ క్లాసు ఫొటోలన్నీ కొనుక్కుని బైండు చేయించుకునేవాళ్ళు. ఆటోగ్రాఫ్ పుస్తకం వీటన్నిటికీ తాత. 16వ శతాబ్దం మధ్యలో జర్మనీలో విట్టెన్‌బర్గ్ విద్యార్థులు తమ గురువుల చేత, స్నేహితుల చేత చిన్న పుస్తకాల్లో రాయించుకుని ఊరూరా మోసుకెళ్ళేవాళ్ళు.

మన దగ్గరికి వద్దాం. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎస్సెస్సెల్సీ 1911 ప్రాంతంలో వచ్చింది, అంతకుముందు మెట్రిక్యులేషన్. మన తాతల తరం 11 ఏళ్ళు చదివి ఎస్సెస్సెల్సీ రాసింది. 1969-70లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ మొదలయ్యాక మనం ఎరిగిన పది, ప్లస్ టూ లెక్క కుదిరింది. 1951 జనాభా లెక్కల్లో దేశంలో చదవడం రాయడం వచ్చింది 100లో 18 మందికే. అప్పుడు ఎస్సెస్సెల్సీ పాసైతే ఊళ్ళో మనిషి పేరు పక్కన ఆ మాట చేర్చి చెప్పుకునేవాళ్ళు. ఫెయిలైనా "ఎస్సెస్సెల్సీ ఫెయిల్" అని చేర్చేవాళ్ళు! అదీ ఒక అర్హతే మరి. సర్కారు వారి సర్టిఫికెట్టులో మన గురించి పుట్టిన తేదీ, రెండు పుట్టుమచ్చలు ఉంటాయి. మిగతాదంతా రాసే బాధ్యత స్నేహితులది.

మనవాళ్ళు దీనికి వాడిన రూపాలు మూడు నాలుగున్నాయి. ఆటోగ్రాఫ్ అందరికీ తెలిసిందే. బిరుదులు ఇంకొకటి. పిన్నుతో చొక్కాకి చీటీ తగిలిస్తారు, పార్టీ అయ్యేదాకా తీయకూడదు. ఈ బిరుదుల్లో ఆంధ్రదేశంలో అందరికన్నా ఫేమస్ ఎవరిదో చెప్పనా? ఎన్టీఆర్ ది. విజయవాడ ఎస్సారార్ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ గారు నాటకం వేయిస్తూ ఆయనకి నాగమ్మ వేషం ఇచ్చారు. ఈయన మీసం తీయనంటే తీయనన్నారు. మీసంతోనే స్టేజీ ఎక్కారు, "మీసాల నాగమ్మ" అన్న పేరు మిగిలింది. ఆ మనిషి మీద ఆనాడు క్లాసు జోస్యం ఎవరైనా రాసుంటే ఏం రాసేవారో నాకు భలే కుతూహలం.

స్లామ్ బుక్ మా తరానిది. ఫేవరెట్ హీరో, ఫేవరెట్ కలర్, ఫస్ట్ క్రష్ దగ్గర ఒక గీత. "స్లామ్" అంటే ఇంగ్లీషులో తిట్టిపోయడం. అమెరికాలో ఆ పుస్తకం మొదలైంది కూడా తోటి పిల్లల మీద పేరు లేకుండా కామెంట్లు రాయడానికే. మన దగ్గరికొచ్చేసరికి గులాబీ బొమ్మ అట్ట వేసుకుని సాధువైపోయింది. పేరులో మాత్రం పాత బుద్ధి అలాగే ఉంది.

జోస్యానికి మనకి అమెరికా నుంచి ఏమీ తెచ్చుకోనక్కర్లేదు. ఉగాదికి పంచాంగ శ్రవణం ఉంది. పరీక్షలూ ఉగాదీ ఒకే సీజన్లో వస్తాయి. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం, ఈ నాలుగు గళ్ళు చాలు, ఎవరి మీదైనా కామెడీ తయారు. మా ఫేర్‌వెల్‌లో వీలునామా తర్వాత నేను చదివింది ఇదే. కండువా కప్పుకుని, రాబోయే విజయ నామ సంవత్సర ఫలితాలు. ఒకడికి ఆదాయం పక్కవాడి ఎడిషనల్ షీటు, వ్యయం మూడు రీఫిళ్ళు, రాజపూజ్యం సున్నా, అవమానం రోజుకి రెండు, పీటీ పీరియడ్ ఉన్న రోజు మూడు. హాలంతా నవ్వు.

ఇప్పుడు ఆ కాగితం మళ్ళీ చూస్తే నవ్వుకన్నా ముందు వేరేది కనిపిస్తోంది. అబ్బాయిల్లో 11 మందికి సాఫ్ట్‌వేర్ అని రాశాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి, ఊరికొకరు బీటెక్ అయిన కాలం కదా, అంతకుమించి ఊహ సాగలేదు. ఇదే మన తాతలు రాసుంటే సగం మందిని కరణం చేసేవారు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులే తీసేసింది, ఆ జోస్యాలన్నీ ఒక్క ఆర్డినెన్సుతో ఎగిరిపోయేవి. సాఫ్ట్‌వేర్ జోస్యం సంగతి నేను మాట్లాడను, ఉద్యోగం మానేసి ఇక్కడ మైకు ముందు కూర్చున్నవాణ్ణి.

అమ్మాయిల్లో ఆరుగురికి నేను రాసిన ఫలితం ఒకటే: "వైశాఖంలో పప్పన్నం." అబ్బాయిల్లో ఒక్కడికీ రాయలేదు. పాత అమెరికన్ జోస్యాల్లోనూ అంతే, అమ్మాయిని ఎవరో ఒకరి భార్యను చేసి వదిలేస్తారు. పెళ్ళి వయసు 18 అని సోషల్ పరీక్షకి చదివిన నెలలోనే నేను ఈ జోకు రాశాను. ఆ ఆరుగురిలో ఇద్దరి పెళ్ళిళ్ళు ఇంటర్ అవకముందే అయిపోయాయి. నా కాగితం వల్ల కాదు, తెలుసు. కానీ ఆ రోజు వాళ్ళు నవ్వారో లేదో గుర్తు తెచ్చుకుందామంటే రావట్లేదు. నేను హాలు వైపు చూసి చదివాను, వాళ్ళ వైపు చూడలేదు.

ఇంకొకడికి రాసింది: "ఇతను పరీక్షలంటే ప్రాణం పెడతాడు కనుక లెక్కలు రెండుసార్లు రాస్తాడు." పెద్ద చప్పట్లు. సార్లు కూడా నవ్వారు, అందుకే స్కూల్ పేరు చెప్పనన్నాను. వాడు లెక్కలు పోయాడు. మార్చి పోతే సెప్టెంబర్ అని పెద్దవాళ్ళ తరంలో అనేవారే, మా టైమ్‌కి వేసవిలోనే సప్లిమెంటరీ వచ్చేసింది. అందులోనూ పోయాడు. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఉన్నాడు గానీ ఒక్క మెసేజ్ పెట్టలేదు, రెండు గెట్-టుగెదర్లకీ రాలేదు.

చిన్న పక్కదారి. మా పక్క మండలం భట్టిప్రోలు. 1892లో అక్కడి స్తూపంలో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారికి రాతి పేటికలు దొరికాయి, క్రీస్తుకు పూర్వం నాటివి. వాటి మీద బుద్ధుడి ధాతువుల సంగతితో పాటు వరసగా పేర్లున్నాయి, దానంలో భాగం పంచుకున్న ఆ ఊరి నిగమం సభ్యులవి. రెండు వేల ఏళ్ళు దాటింది, ఆ మనుషులు ఏం పని చేశారో, ఎవరిని ఏడిపించారో తెలియదు, పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు. మా బెంచీ మీది 14 పేర్లు? స్కూల్‌కి కొత్త డెస్కులొచ్చాక పాత బెంచీలు తీసేశారట. ఇంట్లో దాచుకున్న కాగితాలకి ఈ తీరంలో చెద ఒక శత్రువు, ఉప్పెన ఇంకొకటి. 1977 నవంబర్ 19 తర్వాత దివిసీమలోనూ, రేపల్లె వైపు తీర గ్రామాల్లోనూ ఎన్ని ట్రంకుపెట్టెలు కొట్టుకుపోయాయో ఎవరు లెక్కపెట్టారు!

ఈ ఎపిసోడ్ రాస్తున్నప్పుడు వాడికి ఫోన్ చేశాను. రేపల్లె అవతల రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. ఏరియేటర్ల చప్పుడులో సగం మాటలు వినపడలేదు. పంచాంగం గుర్తుందా అని అడిగా. "లెక్కలంటే ప్రాణం, అదేగా?" అన్నాడు. నేను సారీ చెప్పేలోపే, "రెండుసార్లు అని రాశావురా నువ్వు. మూడుసార్లు రాశాను. నీ జోస్యం కూడా తప్పే" అన్నాడు. నవ్వాడు. ఆ నవ్వు ఎలాంటిదో నాకు తేల్చుకోబుద్ధి కాలేదు.

తర్వాత వాడే అడిగాడు, వీలునామా ఎవరి దగ్గరుందని. నా దగ్గరే ఉందన్నాను. అందులో వాడి పేరు మీద ఒక లైనుంది, వాడే చెప్పి రాయించినది: "నా పచ్చ రంగు జామెట్రీ బాక్సు, లోపల డివైడర్ లేదు, మా తమ్ముడికి." తమ్ముడు అప్పుడు ఏడో తరగతి. ఆ బాక్సుతోనే పది పాసయ్యాడట, లెక్కల్లో క్లాస్ ఫస్ట్. ఆ పేజీ ఒకటి ఫొటో తీసి పంపమన్నాడు. పంపాను, రెండు బ్లూ టిక్కులు పడ్డాయి.